లారీ మీటర్ సరిచేయడం వేరు, వెనక్కి తిప్పడం వేరు

లారీ ఓడోమీటర్ 3 శాతం తక్కువ చూపిస్తే ముందు మాట పడేది డ్రైవర్. ఎలాగో లెక్క చూద్దాం. బండి నిజంగా 1,000 కిలోమీటర్లు తిరిగింది, 250 లీటర్ల డీజిల్ తాగింది. అంటే లీటరుకి 4 కిలోమీటర్లు. కానీ మీటర్ మీద పడింది 967 మాత్రమే. ఓనర్ ఆ 967ని 4తో భాగిస్తే సుమారు 242 లీటర్లు వస్తుంది. "ఏమయ్యా, మిగతా 8 లీటర్లు ఏమైనట్టు?" అని అడుగుతాడు. దొంగ లేడు, దొంగతనం మాత్రం ప్రతి ట్రిప్పులోనూ జరుగుతున్నట్టు కనిపిస్తుంది.

మాది జంపని. తెనాలి నుంచి వేమూరు మీదుగా రేపల్లె వెళ్లే దారి. కోతల టైమ్‌లో ధాన్యం లారీలు వరసగా వెళ్తుంటాయి, ఈ డీజిల్ పంచాయితీ కూడా వాటితోపాటే నడుస్తుంటుంది. ఫోన్‌లో బ్యాటరీ హెల్త్ ఒక్క శాతం తగ్గితే గోల చేసే మనం, ఒక మనిషి నిజాయితీని తేల్చే ఈ సెన్సర్ గురించి ఎప్పుడూ మాట్లాడుకోం. అందుకే ఈ ఆర్టికల్.

మీటర్‌కి దూరం ఎలా తెలుస్తుంది? దానికి నిజానికి దూరం తెలీదు. గేర్‌బాక్స్ అవుట్‌పుట్ షాఫ్ట్ దగ్గర ఒక సెన్సర్ ఉంటుంది, షాఫ్ట్ తిరిగిన కొద్దీ పల్స్‌లు పంపిస్తుంది. కిలోమీటరుకి ఇన్ని పల్స్‌లు అని లోపల ఒక నంబర్ రాసి ఉంటుంది. వచ్చిన పల్స్‌లని దాంతో భాగిస్తే దూరం, సెకనుకి ఎన్ని వస్తున్నాయో చూస్తే స్పీడ్. ఆ నంబర్‌ని కంపెనీ ఒక టైర్ సైజుకి, ఒక యాక్సిల్ రేషియోకి లెక్కగట్టి పెడుతుంది. వాటిలో ఏది మారినా లెక్క తప్పుతుంది.

మారడం మామూలే. పాత లారీలకి 9.00-20 టైర్లు తీసేసి 10.00-20 వేయించేవాళ్లున్నారు. మొదటిదాని వ్యాసం దాదాపు 1,019 మిల్లీమీటర్లు, రెండోది 1,054. తేడా 3.4 శాతం. పైన చెప్పిన 967 వచ్చింది ఇక్కడి నుంచే. స్పీడ్ కూడా అంతే, మీటర్ 60 అంటే బండి నిజంగా 62 మీద ఉన్నట్టు. స్పీడ్ గవర్నర్ కూడా ఇవే పల్స్‌లు చదువుతుంటే, 80కి లాక్ చేసిన లారీ 83 దాకా వెళ్తుంది. డిఫరెన్షియల్ మార్చితే తేడా ఇంకా పెద్దది. 5.86 రేషియో తీసి 6.83 పెడితే మీటర్ ఏకంగా 16 శాతానికి పైగా ఎక్కువ చూపిస్తుంది.

టైర్ మార్చకపోయినా ఊరుకోదు. కొత్త 10.00-20 టైరు 12 మిల్లీమీటర్లు అరిగిందంటే చుట్టుకొలత 2 శాతం పైగా తగ్గుతుంది. ఈసారి తప్పు ఎదురు దిక్కులో, మీటర్ ఎక్కువ చూపిస్తుంది. అంటే అదే డ్రైవర్ కొత్త టైర్లతో దొంగ, అరిగిన టైర్లతో మంచోడు!

ఇక సరిచేసే దగ్గర చాలామంది తప్పులో కాలేసే పాయింట్ ఒకటుంది. ఫోన్ డ్యాష్‌బోర్డ్ మీద పెట్టి, జీపీఎస్ స్పీడ్ 57, మీటర్ 60 చూపిస్తోంది కాబట్టి మీటర్ 5 శాతం ఎక్కువ అనేస్తారు. కాదు. స్పీడోమీటర్ కావాలనే కాస్త ఎక్కువ చూపిస్తుంది. యూఎన్ రెగ్యులేషన్ 39 ప్రకారం చూపించే స్పీడ్ అసలు స్పీడ్ కంటే ఎప్పుడూ తక్కువ ఉండకూడదు. ఎక్కువ మాత్రం ఉండొచ్చు, కార్లకైతే 10 శాతం ప్లస్ 4 కిలోమీటర్ల వరకు. చాలా బండ్లలో ఈ అదనం ముల్లుకి మాత్రమే కలుపుతారు, ఓడోమీటర్‌కి కలపరు. పల్స్‌లు మాత్రం రెండిటికీ ఒకటే. కాబట్టి ముల్లుని జీపీఎస్‌తో సరిపెడదామని పల్స్ నంబర్ మార్చారంటే, అప్పటిదాకా కరెక్ట్‌గా ఉన్న ఓడోమీటర్ 5 శాతం తక్కువ చూపించడం మొదలెడుతుంది. మళ్లీ డ్రైవర్ మెడకే.

అందుకే ముందు దూరం కొలవాలి. మా తెనాలి–రేపల్లె రోడ్డు దీనికి పనికిరాదు, మలుపులెక్కువ. ఫోన్ సాధారణంగా సెకనుకి ఒకసారే లొకేషన్ తీసుకుంటుంది, మలుపుల్లో మూలలు కోసేసి దూరం తక్కువ లెక్కేస్తుంది. బండి ఆగి ఉంటే ఇంకో తంటా, పాయింట్ అటూఇటూ ఊగి లేని దూరం కలుస్తుంది. రేపల్లె దాటాక బాపట్ల వైపు 216 నంబర్ హైవే మీద తిన్నగా ఉన్న చోట, ఆగకుండా ఓ 20 కిలోమీటర్లు నడిపి, జీపీఎస్ ట్రాక్ దూరాన్ని ఓడోమీటర్‌తో పోల్చండి. తిరుగు ప్రయాణంలో మళ్లీ చూడండి. టైర్లు సగం అరిగినప్పుడు చేస్తే ఇంకా మంచిది, తప్పు రెండు వైపులా సమానంగా పంచుకుంటుంది. దీనికి ఖరీదైన ఫోన్ అక్కర్లేదు.

తేడా తెలిసింది. సరిచేసేదెవరు? నా అసలు కంప్లయింట్ ఇక్కడే. కొత్త డిజిటల్ క్లస్టర్లలో ఆ పల్స్ నంబర్ మార్చాలంటే సాధారణంగా కంపెనీ డయాగ్నస్టిక్ టూల్ కావాలి, అది ఓనర్ చేతికి రాదు. దాంతో ల్యాప్‌టాప్ పట్టుకుని తిరిగే మీటర్ మెకానిక్ దగ్గరికి పోతారు. ఆయన క్లస్టర్‌లోని మెమరీ చిప్ చదివి రాసేస్తాడు. అదే కేబుల్‌తో 6 లక్షల కిలోమీటర్ల బండిని 3 లక్షలు కూడా చేయగలడు. న్యాయమైన పనికీ, మోసానికీ ఒకే తలుపు పెట్టాం.

ఈ రెండూ ఒకటి కావు. పల్స్ నంబర్ మార్చితే ఇకమీద పడే కిలోమీటర్లు కరెక్ట్‌గా పడతాయి. మొత్తం రీడింగ్ మార్చితే ఇప్పటిదాకా తిరిగిన చరిత్ర పోతుంది. మొదటిది ఓనర్‌కి మెనూలోనే ఇవ్వాలి. రెండోది ఎవరికీ ఇవ్వకూడదు.

అమెరికాలో సెమీ ట్రక్కులకి ఇంజిన్ కంప్యూటర్‌లోనే మైలుకి టైరు ఎన్ని చుట్లు, వెనక యాక్సిల్ రేషియో ఎంత అని సెట్టింగ్స్ ఉంటాయి. టైరు కంపెనీలు ఆ చుట్ల లెక్కని స్పెక్ షీట్‌లోనే ఇస్తాయి, 500కి అటూఇటూ ఉంటుంది. అలాగని అక్కడంతా బాగుందని కాదు. బండి అమ్మేటప్పుడు ఓడోమీటర్ రీడింగ్ రాసివ్వాలనే ఫెడరల్ రూల్ నుంచి 16,000 పౌండ్లు దాటిన భారీ వాహనాలకి మినహాయింపు ఇచ్చేశారు. ఎక్కువ తిరిగే బండికే లెక్క అడగరన్నమాట! జర్మనీ 2005లో మీటర్ తిప్పడాన్ని ప్రత్యేక నేరం చేసింది. బెల్జియంలో 2006 నుంచి కార్-పాస్ ఉంది, సర్వీస్‌కి వెళ్లినప్పుడల్లా రీడింగ్ ఒక సెంట్రల్ డేటాబేస్‌లో పడుతుంది.

సెట్టింగ్ ఓనర్‌కి ఇస్తే గవర్నర్‌ని మోసం చేస్తాడు కదా అంటారు. కరెక్ట్ ప్రశ్నే. మీటర్ తక్కువ చదివేలా పెట్టుకుంటే 80 లాక్ 90 అవుతుంది. దానికి సాఫ్ట్‌వేర్‌లో సమాధానం ఉంది. టైర్ సైజు లిస్ట్ నుంచే ఎంచుకోనివ్వాలి, ఇష్టమొచ్చిన నంబర్ కొట్టనివ్వకూడదు. మార్చిన ప్రతిసారీ తేదీ, పాత విలువ, కొత్త విలువ, అప్పటి రీడింగ్ చెరపలేని లాగ్‌లో పడాలి. మనం రోజూ గిట్‌లో చేసేది ఇదే, కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. డిఫరెన్షియల్ రేషియో మార్పు మాత్రం వర్క్‌షాప్ దగ్గరే ఉంచొచ్చు.

రీడింగ్ విషయంలో కూడా సామాన్లు రెడీగా ఉన్నాయి. ట్రక్కుల జే1939 నెట్‌వర్క్‌లో మొత్తం దూరానికి ప్రత్యేకంగా ఒక మెసేజ్ ఉంది. క్లస్టర్ చెప్పేదీ, ఇంజిన్ కంప్యూటర్ చెప్పేదీ పోల్చితే తిప్పిన బండి చాలాసార్లు దొరికిపోతుంది. 8 ఏళ్లలోపు లారీకి రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఎఫ్‌సీ చేయించాల్సిందే. అప్పుడు ఈ రెండు రీడింగులూ, ఆ లాగ్ తీసుకుని ఎంపరివాహన్‌లో ఇన్సూరెన్స్ గడువు పక్కన పెట్టేస్తే సెకండ్ హ్యాండ్ లారీ కొనేవాడు ఫోన్‌లోనే చూసుకుంటాడు.

కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబర్‌లో రైట్ టు రిపేర్ పోర్టల్ తెచ్చింది, అందులో ఫోన్లతో పాటు ఆటోమొబైల్స్ కూడా ఒక విభాగం. ఫోన్ బ్యాటరీ మార్చుకునే హక్కు కోసం మనం చాలా రాశాం. టైర్ సైజు సెట్టింగ్‌ని కూడా ఆ లిస్టులో చేర్చమని అడుగుదాం. అది వచ్చేదాకా, మీ ఇంట్లోనో తెలిసినవాళ్లకో లారీ ఉంటే, డ్రైవర్‌ని డీజిల్ లెక్క అడిగే ముందు ఓసారి ఫోన్ పట్టుకుని హైవే ఎక్కండి.