ఒక్క ఉదయాన ఎన్ని రకాలు?



వానలు వెలిసిన సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ఒక శనివారం పిల్లలను వెంటబెట్టుకొని పొలం గట్ల మీదికి వెళ్లండి. సీతాకోకచిలుకలు ఎన్ని రకాలున్నాయో లెక్కపెట్టమనండి. ఒంటికి ఎండ తగిలితేగాని అవి చురుకుగా ఎగరవు గనుక ఉదయం 8 గంటలు దాటాక బయలుదేరండి.

రెక్కల వెంట పరుగెత్తితే లెక్క పెరగదు, మొక్కల దగ్గర ఆగితే పెరుగుతుంది. తల్లి తన పిల్ల తినగల మొక్క మీదే గుడ్డు పెడుతుంది. జిల్లేడు దగ్గర నారింజ రంగుది, ఆముదం దగ్గర ఇటుక రంగుది, తంగేడు దగ్గర లేత ఆకుపచ్చ కలిసిన తెల్లది, కంది పూత మీద చిన్న నీలిది వెదకండి.

తొందరపడి లెక్క వేయకండి. జిల్లేటి సీతాకోకచిలుక రుచించదని పక్షులు వదిలేస్తాయి. అందుకే మరొక జాతి ఆడది అదే వేషంలో తిరుగుతుంది. వెనుక రెక్క మీద మూడో నాలుగో నల్లచుక్కలుంటే అసలుది, ఒక్కటే ఉంటే వేషధారి. అవి రెండు రకాలని రాసుకోండి.

ఇంటికి వచ్చాక కరివేపాకు మొక్కను చూడండి. ఆకు తినే పచ్చని పురుగు కనబడితే నలపకండి, మందు కొట్టకండి. నాలుగు రెబ్బలు పోతే పోనివ్వండి. వచ్చే నెల మీ పిల్లల లెక్కలో అదీ ఒకటి అవుతుంది.