ఇంటి పద్దు: కాశీ దారిలో తప్పిన లెక్క

సెలవులు వస్తున్నాయి. మన కుటుంబాలలో చాలామంది ప్రయాణాలకు సిద్ధమవుతున్నారని విన్నాను. కొందరు తిరుపతికి, కొందరు కాశీకి, కొందరు బిడ్డలు ఉద్యోగాలు చేస్తున్న ఊళ్ళకు. పెట్టెలో ఏమేమి సర్దుకోవాలో చెప్పడానికి ఇంటింటా పెద్దలున్నారు. ఊరగాయ జాడీ మూతికి గుడ్డ ఎట్లా కట్టాలో కూడా చెబుతారు. లెక్క పుస్తకం మాట మాత్రం ఎవరికీ జ్ఞాపకం రాదు. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ పాల లెక్క కేలెండరు మీద తప్పకుండా గీసే ఇల్లాలు, బస్సు ధర్మపురి దాటగానే "తిరిగి వచ్చినాక చూచుకుందాములే" అంటుంది. ఆమెను అనడమెందుకు? నేనూ అన్నవాణ్ణే. అందువల్ల నాకు జరిగిన నష్టమేమో ఈ నెల చెబుతాను.

2015 నవంబరులో మా అక్క, బావ, వారి పిల్లలిద్దరు, మా అమ్మ, పిన్నమ్మ, నేను, నా భార్య, మొత్తం ఎనిమిదిమందిమి కాశీకి వెళ్ళినాము. రైలు టిక్కెట్లు ఎవరివి వారు ముందే కొన్నారు. తక్కిన ఖర్చులకు తలకు 15,000 రూపాయల చొప్పున 1,20,000 ఉమ్మడి సంచిలో వేసి, పెద్దవాడని బావ చేతికిచ్చినాము. మొదటి మూడు రోజులు మేనకోడలు తన నోటుపుస్తకంలో కాఫీ నీళ్ళతో సహా వ్రాసింది. కాశీ చేరినాక ఆ పిల్ల గంగ చూచి పుస్తకం మరచింది. పెద్దవాళ్ళము మేమూ మరచినాము.

ఇంటికి వచ్చిన నాల్గవ నాడు అక్క ఇంట్లో లెక్కకు కూర్చున్నాము. సంచిలో మిగిలినది 11,400. అంటే ఖర్చు 1,08,600 కావాలి. తలా ఒకటి చెప్పగా, నేను వ్రాయగా, మొత్తం 94,350 తేలింది. రెండుసార్లు కూడినాను. 14,250 రూపాయలకు జవాబు లేదు. "పోనీలే, పుణ్యానికి పోయిన సొమ్ము" అన్నది పిన్నమ్మ. అక్కడితో ఊరుకోవలసింది. నేను కాగితంలోనుంచి తల ఎత్తకుండా "మరి తక్కినది ఏమైనట్టు బావా?" అన్నాను.

లెక్క వ్రాసేవాడు అడగవలసిన ప్రశ్నే అనుకున్నాను. బావ ఏమీ అనలేదు. సంచి దులిపి నా ముందు పెట్టి లేచి లోపలికి పోయినాడు. అక్క కంట నీరు పెట్టుకున్నది. ఆ తర్వాత రెండు ఉగాదులకు వారు మా గడప తొక్కలేదు, మేము వారి గడప తొక్కలేదు. పెళ్ళిళ్ళలో ఎదురుపడితే బావ నన్ను "ఏమండీ" అని పిలవడం మొదలుపెట్టినాడు. అంతకుముందు ముప్పయి ఏళ్ళు "ఏమిరా" అన్నవాడు.

2017లో అలమర సర్దుతూ నా భార్య గంగాజలం చెంబుకు చుట్టిన గుడ్డ విప్పితే, హిందీలో వ్రాసిన ఒక చీటీ బయటపడింది. కాశీనుంచి గయకు, తిరుగు దారికి వ్యాను బాడుగ 9,500. దాని వెనుక పెన్సిలుతో నా చేవ్రాత ఉన్నది: "ఇచ్చినాను". బావ పిండప్రదానానికి కూర్చోబోతూ సంచిలోనుంచి నోట్లకట్ట తీసి నా చేతిలో పెట్టినాడు. డ్రైవరుకు లెక్కపెట్టి ఇచ్చినది నేనే! ఆ రాత్రే ఒక్క వరుస వ్రాసి ఉంటే రెండేళ్ళు తప్పేవి. ఆ సాయంత్రమే అక్క ఇంటికి పోయినాను. ఏమి మాట్లాడినానో ఇక్కడ వ్రాయను.

ఇది నా చేతగానితనమే. మన వాళ్ళకు ఈ విద్య క్రొత్తది కాదు. చెన్నపట్టణంలో సుప్రీంకోర్టు ఇంటర్‌ప్రిటరుగా ఉండిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే 18న కాశీకి బయలుదేరి, 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరినారు. పల్లకీలు, బోయీలు, బంధువులు, పరిచారకులతో సుమారు నూరుమంది పరివారం. పదిహేను నెలలకు పైగా దారిలో ఉండి, చూచినది చూచినట్టు వ్రాసి, మిత్రులు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళగారికి పంపుతూ వచ్చినారు. అది 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయింది. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు మళ్ళీ ప్రకటించినారు. పుణ్యక్షేత్రాల మహిమ కోసం ఆ పుస్తకం తెరిచినవారికి మజిలీల దూరాలు, దొరికే సరకులు, యాత్రికులమీద పన్నులు, నాణేల సంగతులు కూడా దొరుకుతాయి. సంస్థానానికొక నాణెం చెల్లుతున్న కాలం. అంతమందిని పోషిస్తూ నడిచే పెద్దకు ఆ వివరం తెలియకపోతే అడుగు సాగదు. మేము బెంగుళూరులో ఎక్కిన సంఘమిత్ర రైలు కూడా నాగపూరు, జబల్పూరు, ప్రయాగ మీదుగానే పోతుంది; అవి ఆయన దాటిన ఊళ్ళే. ఆయన పల్లకీలో పోతూ వ్రాసినది, నేను మెత్తని బెర్తు మీద పడుకొని వ్రాయలేకపోయినాను.

మా నాయన ధర్మపురిలో చింతపండు మండీలో గుమాస్తాగా లెక్కలు వ్రాసినవాడు. ఆయన పద్ధతి నాకు తెలుసు. ఇప్పుడు మాత్రమే దాని విలువ తెలిసింది. రాత్రి చిట్టా వ్రాసే ముందు చేతిలో రొక్కం లెక్కపెట్టేవాడు. ముందు నిల్వ, తర్వాతనే ఖర్చు. ఖర్చులు వ్రాసి కూడి, రొక్కంతో సరిపోకపోతే "కాఫీకి అయి ఉంటుంది" అని కల్పించేవాడు కాడు. తేడాను అనామతు అనే పద్దు క్రింద వ్రాసి దీపం ఆర్పేవాడు. తెలిసిననాడు అక్కడనుంచి తీసి దాని చోట ఎక్కించేవాడు. ప్రయాణానికి ఇంతకంటే మంచి మార్గం నాకు కనబడలేదు. చొక్కా జేబులో పట్టే చిన్న పుస్తకం ఒకటి, పెన్సిలు ఒకటి చాలు. బయలుదేరే ఉదయం మొదటి పుటలో రొక్కమెంత, బ్యాంకులో ఎంత అని వ్రాయాలి. పడుకునే ముందు పది నిమిషాలు. ఒక రోజు తప్పితే మర్నాడు కొంత జ్ఞాపకముంటుంది. మూడు రోజులు తప్పితే పుస్తకం మూసుకోవచ్చు.

ఉమ్మడి సంచి అయితే ఇంకొక మాట. సంచి ఒకరి దగ్గర, పుస్తకం వేరొకరి దగ్గర ఉండాలి. ఇది అనుమానం కాదా అని మా అక్క అడిగింది. సంచి మోసేవానికి ఇది కాపు. ఆనాడు పుస్తకం నా దగ్గర ఉండి ఉంటే, చీటీ సంగతి చెప్పవలసిన బాధ్యత నాదే అయ్యేది.

"ఇప్పుడు అంతా ఫోనులోనే కదా మామా, అదే వ్రాసుకుంటుంది" అన్నాడు మేనల్లుడు. 2016లో యూపీఐ వచ్చిన తర్వాత చిల్లర బెడద తీరిన మాట నిజమే. కాని అతని ఫోను తీసి చూడండి. ఎవరో ఒకాయన పేరు, దాని ఎదుట 340. ఇడ్లీలా, ఆటోనా, అమ్మ మాత్రలా? కొట్టు యజమాని పేరు ఫోనుకు తెలుసు, మనము కొన్నదేమో తెలియదు. టోలు గేటులో ఫాస్టాగు నుంచి పోయిన డబ్బు కబురు ఒక్కొక్కప్పుడు కృష్ణగిరి దాటి చాలాదూరం పోయినాక వస్తుంది. ఇరవైనాలుగు గంటలలో అదే దారిన తిరిగివస్తే రానుపోను కలిపి ఒకటిన్నర రెట్లే పట్టాలి. రెండు రెట్లు పట్టినారా అన్నది వ్రాసుకున్నవానికే తెలుస్తుంది.

దీనికంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉన్నది. మన తప్పు లేకుండా మూడవవాడెవడో మోసంచేసి మన ఖాతాలో సొమ్ము లాగితే, బ్యాంకు కబురు అందిన మూడు పనిదినాలలో తెలియజేసినవారికి నష్టముండదని రిజర్వుబ్యాంకు 2017 జులై 6న ఉత్తర్వు ఇచ్చింది. నాలుగు నుంచి ఏడు దినాలైతే నష్టంలో కొంత మనమే భరించాలి. రహస్య సంఖ్య మనమే చెప్పివేసి ఉంటే, తెలియజేసేదాకా పోయినదంతా మనదే. పన్నెండు దినాల యాత్రకు పోయి, ఇంటికి వచ్చి తీరికగా లెక్క చూచుకునేవారి గతి ఏమిటో ఆలోచించండి. రాత్రిపూట నిల్వ చూచుకునేవారు అప్పుడే పట్టుకుంటారు. అట్లా జరిగితే వెంటనే బ్యాంకుకు చెప్పి, 1930కి ఫోను చేయాలి.

ఎన్నికల వేళ ప్రయాణం చేసేవారికి పుస్తకం మరోవిధంగా పనికివస్తుంది. కోడ్ అమలులో ఉన్నప్పుడు 50,000 రూపాయలకు పైబడిన రొక్కానికి తగిన కాగితాలు లేకపోతే తనిఖీ బృందాలు పట్టుకుంటాయి. 2024 ఏప్రిలులో మా బంధువొకాయన కూతురు పెళ్ళికి పట్టుచీరలు కొనడానికి 1,80,000 తీసుకొని కంచికి బయలుదేరి దారిలో ఆగవలసివచ్చింది. బ్యాంకు చీటీ, శుభలేఖ, ఎవరెవరికి ఎన్ని చీరలో వ్రాసిన జాబితా చూపించినాడు. అధికారి జాబితా అంతా చదివి, "ఆడబిడ్డకు ఒక్కటేనా?" అని నవ్వి పంపినాడట.

ఇక వెనుక ఇంట్లో మిగిలే పద్దులు. జీవితబీమా వాయిదా నెలనెలా కట్టేదైతే గడువు తేదీ తర్వాత 15 రోజులు, తక్కినవాటికి 30 రోజులు ఆగుతారు. రెండు నెలలకొకసారి వచ్చే కరెంటు బిల్లు, చీటీ పాట, నగల అప్పు వడ్డీ ఎవరి కోసమూ ఆగవు. ఇవన్నీ తేదీలతో ఒక కాగితం మీద వ్రాసి ఇంట్లో ఉండేవారి చేతికివ్వండి. మగవాడు తన తలలోనే పెట్టుకొని పోవడం మన ఇండ్లలో పాత జబ్బు. దారిలో ఆయనకు జ్వరం వస్తే ఇల్లాలికి ఏ అప్పు ఎక్కడుందో తెలియదు.

మళ్ళీ మా సంగతికి వస్తాను. వచ్చే నెల మేమందరము రామేశ్వరం పోతున్నాము. పిన్నమ్మ లేదు, మేనకోడలి కొడుకు ఆ సీటుకు వచ్చినాడు. మొన్న బావ మా ఇంటికి వచ్చి, "ఏమిరా, ఈసారి సంచి నీ దగ్గర, పుస్తకం నా దగ్గర" అన్నాడు. బజారులో కొని తెచ్చిన క్రొత్త పుస్తకం తీసి చూపించినాడు. మొదటి పుటలో ఇంకా ఏమీ లేదనుకున్నాను. 2015 కాశీయాత్రలో ఇంతవరకూ తేలని 4,750 రూపాయలు అనామతు క్రింద ఎక్కించి, దానిక్రింద సంతకం చేసి ఉన్నాడు.