డ్రాయింగ్ లండన్‌ది, సైటు మనది

కోరుకొండ నుంచి రాజమండ్రికి బస్సెక్కి కాలేజీకి వెళ్లే మీలో సివిల్, ఆర్కిటెక్చర్ వాళ్లు ఉంటారు కదా, ఈ ప్రశ్న ముందు మీకే. మన పన్నులతో నడిచే అభివృద్ధి కార్పొరేషన్లు కట్టే భవనాలకు డిజైన్ ఎవరు చేయాలి?

అమరావతినే చూడండి. మాస్టర్ ప్లాన్ సింగపూర్ వాళ్లది. ప్రభుత్వ భవనాల పోటీలో తుది ముగ్గురూ జపాన్ మకీ, లండన్ రోజర్స్, అహ్మదాబాద్‌లోని బి.వి.దోషి సంస్థ. 2016లో మకీ గెలిచారు. కొన్నాళ్లకే ఆయన్ని పక్కనపెట్టి లండన్ నుంచే ఫోస్టర్ సంస్థను తెచ్చారు. మధ్యలో దర్శకుడు రాజమౌళి సలహా కూడా అడిగారు. విజయవాడలో 2008 నుంచి స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఉంది. ఈ హడావుడిలో దాని పేరు మీరెన్నిసార్లు విన్నారు?

స్థానికులకు పని ఇవ్వాల్సిందే అంటాను. అయితే ‘మనోడు’ అని కాదు. ఆ లెక్క మొదలైతే చివరికి ఎవరో నాయకుడి బావమరిది దగ్గర ఆగుతుంది.

టిడ్కో ఇళ్లు చూశారుగా. 300, 365, 430 చదరపు అడుగులు, షియర్ వాల్ కాంక్రీటు గోడలు. త్వరగా లేస్తాయి, అది ఒప్పుకోవాలి. కానీ శ్రీకాకుళానికీ అనంతపురానికీ దాదాపు ఒకటే మూస. మే నెలలో గోదావరి గట్టు ఉక్కపోత ఎలా ఉంటుందో, మండువా లోగిలి ఎందుకు చల్లగా ఉండేదో ఇక్కడ పుట్టి పెరిగినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

‘మనవాళ్లకి అంత అనుభవం ఏదీ?’ అంటారు. నిజమే, పెద్ద టవర్లు కట్టినవాళ్లు తక్కువే. మరి అనుభవం ఎక్కడి నుంచి వస్తుంది? ఫ్రెషర్ ఉద్యోగానికి రెండేళ్ల ఎక్స్‌పీరియన్స్ అడిగినట్టే ఉంది ఇదీ! చండీగఢ్‌లో కార్బూజియే బృందంలో కుర్ర భారతీయ ఆర్కిటెక్టులూ పనిచేశారు. వాళ్లలో ఒకరైన మేవాడా తర్వాత గాంధీనగర్‌కి ప్లాన్ గీశారు. బయటివాళ్లు వచ్చినా నష్టం లేదు, మనవాళ్లు పక్కన కూర్చుని నేర్చుకుంటే. అంతెందుకు, ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర కాటన్ దొరతో పాటు వీణం వీరన్న పేరు ఇవాళ్టికీ చెప్పుకుంటున్నాం.

అసలు చిక్కు టెండరులో ఉంది. కోట్ల టర్నోవర్, అలాంటివే పాత పనులు చూపించమంటే రాజమండ్రిలో ఐదుగురు నడిపే ఆఫీసు మొదటి పేజీలోనే పోతుంది. పెద్ద పనుల్లో స్థానిక జూనియర్ల పేర్లు ఒప్పందంలోనే రాయాలి. అదీ సైట్లో టేపు పట్టుకోవడానికి కాదు, డిజైన్‌కే. బడి, రైతు బజారు, వార్డు ఆఫీసు లాంటి చిన్న పనులకు టర్నోవర్ షరతు తీసేసి, పేర్లు కనపడకుండా డిజైన్ పోటీ పెట్టాలి.

ఇక మీ సంగతి. బీటెక్ సివిల్‌తో ఆర్కిటెక్ట్ అని బోర్డు పెట్టుకోవడం కుదరదు. 1972 చట్టం ప్రకారం కౌన్సిల్ ఆఫ్ ఆర్కిటెక్చర్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి ముందు ఐదేళ్ల బీఆర్క్, అందులో చేరడానికి నాటా గానీ జేఈఈ మెయిన్ రెండో పేపరు గానీ. సివిల్ వాళ్లు బీఐఎం నేర్చుకుంటే ఇవే ఆఫీసుల్లో చోటుంటుంది. ఈ వారం ఈ-ప్రొక్యూర్‌మెంట్ పోర్టల్‌లో ఏదో ఒక డిజైన్ కన్సల్టెన్సీ టెండరు తెరిచి, అర్హతల పేజీ చదవండి. మీ ఊళ్లో మీకు తెలిసిన ఆర్కిటెక్ట్ ఆఫీసు అందులో నిలబడుతుందేమో చూడండి.