ఆకుపచ్చని అనుగ్రహం

సూరత్ నగరంలో తాపీ నది ఒడ్డున అశ్వినీకుమార్ ఘాట్ ఉన్నది. అశ్వినీదేవతలు సూర్యపుత్రులు, దేవవైద్యులు. తాపీ, అనగా తపతి, సూర్యపుత్రిక. అంటే ఈ ఊరి నదికి వైద్యులు స్వయాన సోదరులన్నమాట. రోగము రాకముందే మందును, మందు దొరికే మన్నును పక్కపక్కన ఉంచిన సృష్టికర్త దయను తలచుకొనడానికి ఇంతకన్న తగిన చోటు లేదేమో.

ఉగాదినాడు మనము వేపపూవుతో పచ్చడి చేసుకుంటాము. ఇదే చైత్రమాసంలో మన గుజరాతీ ఇరుగుపొరుగు వారు వేపపూత రసమును పరగడుపున సేవిస్తారు. వారికది లీమ్డో, మనకది వేప. లింబాయత్ ప్రాంతంలో మరమగ్గాల మీద బ్రతుకుతున్న మన తెలంగాణ నేతకారుల ఇళ్ళలోనూ వేపమండ లేని పండుగ ఉండదు. భాష వేరైనా చెట్టు ఒక్కటే. దానిని ఎవరూ నాటనక్కరలేదు, నీరు పోయనక్కరలేదు. పిట్ట తిని వదలిన గింజ మొలచి, అడగకనే నీడను, మందును ఇస్తుంది. దీనిని దైవానుగ్రహమనక మరేమందుము?

మన క్వార్టర్ల ముందు పూచే బిళ్ళగన్నేరునే చూడండి. పూజకు పూలు కోసుకుంటాము గాని, దాని ఆకుల నుండి విన్‌క్రిస్టిన్, విన్‌బ్లాస్టిన్ అనే రెండు కాన్సరు మందులు తీస్తారని ఎందరికి తెలుసు? పసిపిల్లలకు వచ్చే రక్తకాన్సరు చికిత్సలో విన్‌క్రిస్టిన్ నేటికీ ముఖ్యమైనది. అయితే ఆ ఆకును పచ్చిగా నమిలితే విషము. మందును లోపల దాచిన దేవుడు, దానిని వెలికితీసే పనిని మానవుని బుద్ధికి వదలినాడు.

ఈ సంగతి మాకు బాగా తెలిసివచ్చినది 1994 సెప్టెంబరులో. మేము అప్పుడే ఉద్యోగంలో చేరి, ఊరిలో ఒక అద్దెగదిలో ఉండేవారము. ప్లేగు వార్త గుప్పుమనగానే లక్షలాది జనము రైళ్ళలో, బస్సులలో ఊరు విడిచిపోయారు. మేము గదిలో వేపాకు పొగ వేసుకున్నాము, దేవునికి దీపము పెట్టుకున్నాము, టెట్రాసైక్లిన్ కోసం మందుల దుకాణము ముందు వరుసలోనూ నిలిచాము. ఆనాడు ఏది మమ్ము కాపాడిందని అడిగితే మూడూ అని చెప్పేవారము. నేడు అడిగితే, కాపాడినవాడు ఒక్కడే, ప్లేగుకు వాడిన ఆయుధము మాత్రము మూడవది అని చెప్తాము.

ఆ ఆయుధము వెనుక ఒక తెలుగువాడున్నాడని మాకు తరువాత తెలిసినది. భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో అధ్యాపకులుగా పనిచేసి, 1923లో అమెరికా వెళ్ళారు. ఆయన పరిశోధనాధిపతిగా ఉన్న లెడర్లీ సంస్థలోనే బెంజమిన్ డగ్గర్ అనే వృక్షశాస్త్రవేత్త, గడ్డి పెరిగే పొలపు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను కనుగొన్నారు. 1948లో వెలువడిన ఆ మందే టెట్రాసైక్లిన్ కుటుంబానికి పెద్దది. సుబ్బారావు గారి ఇద్దరు సోదరులు స్ప్రూ వ్యాధితో మరణించారు. ఆ వ్యాధికి మందైన ఫోలిక్ ఆమ్లమును లెడర్లీలో తయారు చేసినదీ ఆయన బృందమే. పాలకూర నుండి మొదట వేరుచేసిన పదార్థము గనుక, ఆకు అనే అర్థము గల లాటిన్ మాటతో దానికా పేరు వచ్చినది. ఆకు వైద్యము, ఆసుపత్రి వైద్యము వేర్వేరని వాదించేవారు ఈ ఒక్క జీవితమును తలచుకుంటే చాలును.

ఇన్ని తెలిసియు మేమొక పొరపాటు చేశాము. 2021లో కోవిడ్ భయంతో, ప్రహరీగోడ మీద పాకిన తిప్పతీగను (ఇక్కడివారు గళో అంటారు) కషాయం కాచి, మూడు నెలలు విడువకుండా త్రాగాము. దేవుడిచ్చినది కదా, ఎంతైనా మంచిదే అనుకున్నాము. ఇంటావిడ “మీ కళ్ళు పచ్చబడ్డాయండీ” అనే వరకు తెలియలేదు. పరీక్షలలో కాలేయము దెబ్బతిన్నట్లు తేలినది. డాక్టరు గారు కషాయము మాన్పించగా రెండు నెలలకు కుదుటపడ్డాము. ముంబయి వైద్యులు తిప్పతీగ వాడిన ఆరుగురిలో ఇటువంటి లక్షణాలు చూచినట్లు అదే సంవత్సరం ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ దానిని అంగీకరించలేదు. పండితుల వాదము ఎలా ఉన్నా, మా తప్పు మాకు తెలిసినది. ప్లాంటులో ప్రతి వాల్వుకూ ఒత్తిడి పరిమితి చూచే మేము, మా దేహానికి మాత్రము మోతాదు చూడలేదు. దైవము మీద భక్తి అనుకున్నది నిజానికి మా అశ్రద్ధ.

కావున సోదర సోదరీమణులకు మా మనవి. జలుబుకు తులసి, గొంతునొప్పికి పసుపు వేసిన పాలు, రోజూ భోజనంలో ఆకుకూర మానవద్దు. గర్భిణీ స్త్రీలు ఆకుకూరతోపాటు డాక్టరు వ్రాసిన ఫోలిక్ ఆమ్లపు మాత్రను కూడా తప్పక వేసుకోవాలి. గర్భము తొలి వారాలలో శిశువు వెన్నెముక, మెదడు సక్రమంగా రూపొందడానికి అది అవసరము. ఏ కషాయమైనా రోజుల తరబడి వాడదలచినచో వైద్యుని అడగండి. ఏ ఆకు వాడుతున్నారో ఆయన వద్ద దాచవద్దు. జ్వరము మూడవ రోజుకు తగ్గకపోతే వంటింటిని వదలి ఆసుపత్రికి వెళ్ళండి.

రేపు ఉదయం నడకకు వెళ్ళినపుడు మన కాలనీ వేపచెట్టు క్రింద ఒక్క నిమిషము ఆగండి. నమస్కరించాలనిపిస్తే నమస్కరించండి. ఆ దండము చెట్టునిచ్చిన వానికీ, దానిలోని గుణమును శ్రమించి తెలుసుకున్న మనుష్యులకూ చెందుతుంది.