బ్రతికిన చెట్టెల్ల ఫలించునా?

తాడి, కొబ్బరి, పోక, ఖర్జూరము మొదలగు తాళజాతి వృక్షములు వేడిదేశముల సొత్తని మనమందఱము తలంచుచుందుము. అది చాలవఱకు నిజమే. అయినను మంచు కురియు దేశములలోను ఈ జాతి చెట్లు కొన్ని పెరుగుచున్నవి. ఈ సంగతి విన్న రైతు సోదరులలో కొందఱు, “మంచులోనే బ్రతుకు జాతికి మన యూరి చలి యొక లెక్కా?” యని వాదించి, క్రొత్త తోటలకు సంఘమునుండి అప్పు కోరుచుందురు. ఈ వాదమున నొక లోపము కలదు. బ్రతుకుట వేఱు, ఫలించుట వేఱు.

మామిడికిని చింతకును ఒక కొమ్మ చచ్చినచో మఱియొక కొమ్మ చిగుర్చును. తాళవృక్షములకు సాధారణముగా మ్రానునకు ఒక్కటే మొవ్వు. అది చచ్చెనా, చెట్టు చచ్చినట్లే. 20వ శతాబ్దారంభమున గోదావరి జిల్లాలో మొవ్వుకుళ్ళు తెగులు తాడిచెట్లను ఇట్లే కూల్చినది. అక్కడ తెగులు చేసిన పనినే చలిదేశములలో మంచు చేయును.

చైనాదేశమున పుట్టిన ఒక జాతి మాత్రము సున్నకు 10 డిగ్రీల దిగువ చలినైనను కొంతసేపు ఓర్చుకొనును. దాని మ్రానును దట్టమైన పీచు కప్పియుండును. చైనా, జపాను ప్రజలు ఆ పీచుతో త్రాళ్లను, చీపుళ్లను, వానకు కప్పుకొను తొడుగులను చేసికొనుచుండిరి. రాబర్టు ఫార్చ్యూనను వృక్షాన్వేషకుడు ఈ మొక్కలను 1849లో లండను చెంతనున్న క్యూ తోటకు పంపెను. నేడు ఇంగ్లండులో పెక్కుచోట్ల ఇవి ఆరుబయటనే పెరుగుచున్నవి. చలి ముదిరినప్పుడు మట్టలను పైకెత్తి కట్టి, మొవ్వునకు గడ్డియో గుడ్డయో చుట్టి కాపాడువారును కలరు. ఆ యజమానులకు కావలసినది కంటికింపే గాని గెల కాదు. ఇంటి ముంగిట నొక చెట్టునకు గుడ్డ చుట్టవచ్చును. ఎకరమునకు 57 చొప్పున నాటిన ఆయిల్‌పామ్ చెట్లకు ఎవ్వరు చుట్టగలరు?

ఇటలీ సముద్రతీరమున బోర్దిగెర యను ఊరు కలదు. అచట ఖర్జూరవృక్షములు శతాబ్దములుగా నున్నవి. ఖర్జూరము శీతకాలమును ఓర్చుకొనునుగాని, దాని పండు పక్వమగుటకు దీర్ఘమైన మండువేసవి కావలెను. అచట అది లేదు గనుక పండు చక్కగా పండదు. ఆ యూరివారు చెట్టును నిందింపలేదు. లేతమట్టలకు వెలుగు సోకకుండ కట్టి తెల్లబఱచి, మట్టల ఆదివారపు పండుగకు రోమునకు పంపుచు వచ్చిరి. వాతావరణము దేని నిచ్చునో దానినే అమ్ముకొనిరి. ఇది వివేకము. అయితే ఆయిల్‌పామ్ కాయకున్నచో దాని మట్టలను మనయొద్ద కొనువారెవ్వరు?

స్విట్జర్లండు దక్షిణభాగమగు టిచీనో సీమలో ముందు చెప్పిన చైనా చెట్టు బాగుగా వేరూనినది. పిట్టలు గింజలను చిమ్మగా అడవులలోనికి ప్రాకి, అచటి చెట్లకు చోటు లేకుండ చేయుచున్నది. 2024 సెప్టెంబరునుండి ఆ దేశప్రభుత్వము దాని అమ్మకమునే నిషేధించినది. కావున చక్కగా బ్రతికిన చెట్టు సైతము మేలు చేయునని నమ్మరాదు.

ఇక మన సంగతి. ఆయిల్‌పామ్ పశ్చిమ ఆఫ్రికా ఉష్ణసీమల చెట్టు. రాత్రి వేడిమి సగటున 20 డిగ్రీలకు తగ్గకుండుట దానికి మేలు. 15 డిగ్రీల దరికి దిగినచో లేతమొక్క యెదుగుదల నిలిచిపోవును. ఏలూరు చెంత పెదవేగి ప్రాంతమునను, అశ్వారావుపేటలోను అది కాయుచున్నది. 2021లో జాతీయ పథకము వచ్చిన పిమ్మట తెలంగాణములో క్రొత్త జిల్లాలకును వ్యాపించుచున్నది. ఉత్తరమున ఆదిలాబాదు సీమలో కొన్ని యేండ్లు పుష్యమాసపు రాత్రులు 5 డిగ్రీల చెంతకు దిగినవి. అట్టి చలి కొలది దినములే యుండును గనుక చెట్టు చావకపోవచ్చును. కాని నష్టము వెంటనే కనబడదు. పూమొగ్గ యేర్పడినది మొదలు గెల కోతకు వచ్చువఱకు రెండేండ్లకు పైగా పట్టును. తోట 25 ఏండ్లు నేలను పట్టుకొనియుండును. పొరపాటు తెలియునప్పటికి అప్పు వడ్డీతో పెరిగియుండును.

ఆయిల్‌పామ్ వేయవద్దని నా మాట కాదు. అశ్వారావుపేట కాపును చూచి ఆదిలాబాదులో లెక్క కట్టవద్దని నా మనవి. ప్రతి సంఘమును ఒక కనిష్ఠోష్ణమాపకమును కొని, పొలములో నీడపట్టున నుంచి, కార్తీకము మొదలు మాఘము వఱకు ప్రతి యుదయమును అంకె వ్రాసికొనవలెను. చలిగాలి రాత్రివేళ పల్లమునకు దిగును గనుక మెరకకొకటి, పల్లమునకొకటి యున్న మఱియు మంచిది. అప్పు మంజూరు చేయుటకు ముందు పంచాయతీదారులు ఆ పుస్తకమును చూడవలెను. అంతటి చలిగల మఱియొక యూరిలో ముదురుతోట యున్నచో, దాని అయిదేండ్ల దిగుబడిని అడిగి తెలిసికొనవలెను.

ఎన్ని మొక్కలు బ్రతికినవను లెక్క మొక్కల నమ్మువానికి చాలును. మనకు కావలసినది గెలల తూకము.