నెల తప్పాక కాదు, ముందే చూడండి!

అక్కల్లారా! చెల్లెళ్లారా! అత్తల్లారా!

పెళ్లై మూడు నెలలు తిరక్కముందే ఊరంతా అడుగుతుంది, "ఏమ్మా, ఏమైనా విశేషమా?" అని. నీ ఒంట్లో రక్తం ఎంతుందని అడిగిన మనిషి ఒక్కరైనా ఉన్నారా? సరే, ఊరు అడగదు. ఆస్పత్రి అడగాలి కదా! అదీ అడగదు!

కూలి మానుకుని పొద్దున్నే వెళ్తాం. ఓపీ చీటీకి ఒక లైను. డాక్టరు గది ముందు ఇంకో లైను. లోపల రెండు నిమిషాలు! కళ్లు తిరుగుతున్నాయంటే బలం మాత్రలు. పిల్లల కోసం చూస్తున్నామంటే, "నెల తప్పాక రామ్మా!"

నెల తప్పాకా వెళ్దాం. కానీ బిడ్డ మెదడు, వెన్నుపాము తయారయ్యే నాళం మూసుకునేది కడుపులో పడ్డ మొదటి 28 రోజుల్లోనే! నెల తప్పిందో లేదో మనం ఇంకా వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూనే ఉంటాం! అది సరిగా మూసుకోకపోతే బిడ్డ నడుం మీద గడ్డతో పుట్టొచ్చు, కాళ్లు చచ్చుబడొచ్చు, అసలు బతక్కపోవచ్చు. చాలావరకు దీన్ని ఆపేది ఫోలిక్ యాసిడ్ మాత్ర. రోజుకి 400 మైక్రోగ్రాములు, కడుపు రాకముందే మొదలుపెట్టాలి. ఫోలిక్ యాసిడ్ ఈ లోపాన్ని ఆపుతుందన్నది 1991లోనే తేలిన సంగతి! ఇన్నేళ్లైనా మన ఓపీ గడప తొక్కలేదేం?

షుగరు అదుపు తప్పి ఉండగా కడుపొస్తే బిడ్డ గుండెకే ముప్పు. ఫిట్స్‌కి రాసే వాల్‌ప్రోయేట్, కొన్ని బీపీ మాత్రలు బిడ్డకు చేటు. రాసే ముందు ఒక్క మాట అడగొద్దా? అక్కా, ఆ మాత్రలు నీ అంతట నువ్వు ఆపకు! డాక్టరుతోనే మార్పించుకో.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రలో నూటికి 59 మంది ఆడవాళ్లకు, తెలంగాణలో 58 మందికి రక్తహీనత! అందరూ తిన్నాక మిగిలింది తింటే రక్తం ఎక్కణ్నించి పడుతుంది? కడుపు పోతే నింద మాత్రం కోడలికే! మొగుడి సిగరెట్టూ మందూ ఎవరైనా లెక్కేశారా?

ఆశక్క దగ్గర దంపతుల రిజిస్టరు ఉంది. అందులో మన పేర్లున్నాయి. ఎందుకు? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటావని అడగడానికి! ఆమె తప్పేం లేదు, పైవాళ్లు చెప్పిన పని అదే. ఆ రిజిస్టరుతోనే మన ఆరోగ్యమూ అడగమనండి!

మనం అడిగేవి ఇవీ:

• ఓపీకొచ్చిన ప్రతి ఆడమనిషినీ "ఈ ఏడు బిడ్డ కావాలా?" అని అడగాలి. వద్దంటే ఆగే మార్గం చెప్పాలి.
• కావాలంటే రక్తం, బీపీ, షుగరు, థైరాయిడ్ అక్కడే చూడాలి. ఉచితంగా!
• ఫోలిక్ మాత్రలు ఆ రోజే చేతిలో పెట్టాలి. బయట కొనుక్కోమనొద్దు!
• రుబెల్లా టీకా కావాల్సినవాళ్లకి కడుపు రావడానికి కనీసం నెల ముందే వెయ్యాలి.
• మొగుడికీ చీటీ రాయాలి!
• తలుపేసి మాట్లాడాలి. వరండాలో పదిమంది ముందు నెలసరి ముచ్చట్లేంటి?

ఈ సోమవారం ఒంటరిగా వెళ్లకండి. పక్కింటి కొత్త కోడల్ని వెంటబెట్టుకోండి. చీటీ తీసుకుని డాక్టరు ఎదుట కూర్చోండి. "బిడ్డ కావాలి. ముందు నన్ను చూడండి!" అనండి. నెల తప్పాక రమ్మంటే కుర్చీలోంచి లేవకండి! ఒక్కదాన్నైతే పంపించేస్తారు. వీధి వీధంతా వస్తే ఎవర్ని పంపుతారు?

కదలండి!

— మీ వీధి ఆడవాళ్లం