దోషమును వెదకుటయు నొక విద్యయే

ఒక కాలమున పాటను ముద్రింపవలెనన్నచో పెద్ద నగరముల యందలి స్టూడియోలకు బోవలసి యుండెను. నేడు ఒక కంప్యూటరును, ఒక మైకును, పుస్తకమంతటి ఆడియో ఇంటర్‌ఫేసును గలవారు తమ యింటి గదిలోనే పాడి, ముద్రించి, వినగలుగుచున్నారు. విద్యార్థులలో పలువురు ఈ పనియం దాసక్తి గలవారై యుండుట సంతోషింపదగిన విషయము. ఐనను ఈ సౌకర్యముతో బాటు ఒక చిక్కును మన యిండ్లలో ప్రవేశించినది. స్టూడియోలో యంత్రము మొరాయించినచో చక్కబెట్టుటకు ఇంజనీరు ఉండెను. ఇంటిలో అట్టివాడు లేడు. పాడువాడును, ముద్రించువాడును, యంత్రమును చక్కబెట్టవలసినవాడును ఒక్కడే.

ఇట్టి సమయమున మన యిండ్లలో సాధారణముగా నేమి జరుగుచున్నది? ధ్వని రాకపోయిన, 'మైకు చెడినది' అందురు. టపటపమని చప్పుడు వచ్చిన, 'అంగడివాడు మోసగించినాడు' అందురు. పాట తాళముతో కలియకున్న, 'పిల్లకు తాళజ్ఞానము లేదు' అందురు. అంతట తండ్రి క్రొత్త మైకు కొనును. లేదా కుమారుడు సాఫ్ట్‌వేరునంతయు తీసివైచి మరల నెక్కించును. లేదా కుమార్తె పాడుటయే మానుకొనును. విచారణ యేమియు జరుగకయే తీర్పు వెలువడుచున్నది. నేరము చేయనివారు దండింపబడుచున్నారు.

మా యభిప్రాయ మేమనగా, గృహ ధ్వనిముద్రణమున కలుగు లోపములలో అనేకములు క్రొత్త వస్తువులను కొనకయే తీరునవి. వానిని క్రమముగా వెదకుట పాడుట నేర్చినట్లే నేర్వదగిన విద్య. ఈ విద్యకు కావలసినవి ఓర్పును, ఒక నోటు పుస్తకమును, యంత్రము పనిచేయు తీరును గూర్చిన కొంచెము తెలివియు మాత్రమే.

మొదట డ్రైవరు అనగా నేమో తెలిసికొందము. కంప్యూటరునకు ఇంటర్‌ఫేసు భాష తెలియదు. ఇంటర్‌ఫేసునకు కంప్యూటరు భాష తెలియదు. ఇరువురి నడుమ నిలిచి మాట లందజేయు దుబాసి వంటి ప్రోగ్రామే డ్రైవరు. విండోసు నందలి సాధారణ మార్గమున అన్ని ప్రోగ్రాముల ధ్వనులను కలిపి యొకటిగా జేయు నేర్పాటు నడుమ నుండును. పాట వినుటకు ఆ మార్గము చాలును. కాని పాడుచు తన గొంతును తానే వినవలసినవానికి అందలి యాలస్యము బాధకరము. ఈ కారణముచేతనే జర్మనీ దేశమున హాంబర్గు నగరమందలి స్టైన్‌బర్గ్ సంస్థవారు 1997లో ఆసియో అను దగ్గఱి మార్గమును ఏర్పఱచిరి. ఇంటర్‌ఫేసును చేసినవారే దానికి తగిన ఆసియో డ్రైవరును సాధారణముగా తమ వెబ్‌సైటులో ఉచితముగా నుంచుదురు. దానిని ఎక్కింపక, విండోసు తనంతట తానిచ్చు సాధారణ డ్రైవరుతోనే పనిజేసి, 'ఈ వస్తువు మంచిది కాదు' అనువారు పలువురు. ఆపిల్ కంప్యూటర్లలో కోర్ ఆడియో అను నేర్పాటు ఆపరేటింగ్ సిస్టములోనే యుండుటచే ఈ చిక్కు తక్కువ.

ఇక తాళము సంగతి. కంప్యూటరు ధ్వనిని ధారగా గాక కుండలతో నీళ్లు మోసినట్లు మోయును. ఆ కుండకే బఫరు అని పేరు. ఒక సెకండునకు 48000 శాంపిళ్ల చొప్పున ముద్రించునప్పుడు, 1024 శాంపిళ్ల బఫరు నిండుటకు సుమారు 21 మిల్లీసెకండ్లు పట్టును. పోవుటకు ఒక బఫరు, వచ్చుటకు ఒక బఫరు. కావున తన గొంతు తన హెడ్‌ఫోన్సునకు తిరిగి చేరుటకు 42 మిల్లీసెకండ్లకు తక్కువ కాదు. ధ్వని గాలిలో సెకండునకు సుమారు 343 మీటర్లు పోవును. ఆ లెక్కను, ఆ బాలిక 14 మీటర్ల దూరమున నిలిచి పాడుచున్న వేఱొక గొంతును వినుచున్నట్లు తన గొంతును వినుచున్నది. అట్లు వినుచు తాళము తప్పకుండ పాడుట పెద్ద గాయకులకును కష్టమే. బఫరును 64కు తగ్గించినచో ఒక్కొక్క కుండకు సుమారు 1.3 మిల్లీసెకండ్లు మాత్రమే పట్టును. ఇంకను సులభమైన యుపాయమొకటి కలదు. అనేక ఇంటర్‌ఫేసులపై డైరెక్టు మానిటరు అను మీట యుండును. దానిని వేసినచో గొంతు కంప్యూటరును చుట్టిరాకయే హెడ్‌ఫోన్సునకు చేరును. బ్లూటూత్ హెడ్‌ఫోన్సు మాత్రము ఈ పనికి తగవు. అందలి యాలస్యము మిక్కిలి హెచ్చు. ఒక్క మీట వేయక ఒక బిడ్డకు తాళము రాదని తీర్పు చెప్పుట న్యాయమా?

అట్లయిన బఫరును ఎల్లప్పుడు చిన్నదిగానే యుంచరాదా యని విద్యార్థులడుగవచ్చును. కుండ చిన్నదైనకొలది మోయు తడవలు హెచ్చును. కంప్యూటరు ఒక్క తడవ ఆలస్యముగా వచ్చినను ధార తెగి, టప్పుమని చప్పుడగును. ఆ చప్పుడు మైకుది కాదు, గొంతుది కాదు. పాడునప్పుడు చిన్న బఫరును, పాడుట ముగిసి ట్రాకులను కలుపునప్పుడు పెద్ద బఫరును ఉంచుట తగిన పద్ధతి. పెద్ద బఫరుతోను టపటప మానకున్నచో వైఫై డ్రైవరు వంటి వేఱొక దుబాసి కంప్యూటరును విడువక పట్టుకొని యుండవచ్చును. వైఫైని ఆపి, కరెంటు పొదుపు సెట్టింగును మార్చి చూడవలెను. ఎవరు పట్టుకొని యున్నారో తెలుపుటకు విండోసునందు లేటెన్సీమాన్ వంటి ప్రోగ్రాములును కలవు.

శ్రుతి విషయమును ఇట్టిదే. 44100 శాంపిళ్ల చొప్పున ముద్రించిన పాటను, మార్పు చేయకయే 48000 చొప్పున వినిపించినచో, 10 నిమిషముల పాట 9 నిమిషముల 11 సెకండ్లలో ముగియును; శ్రుతియు పైకి బోవును. పాడినవారు శ్రుతి తప్పిరనుటకు ముందు, సాఫ్ట్‌వేరులోను డ్రైవరులోను ఈ యంకె ఒక్కటిగా నున్నదో లేదో చూడవలెను.

ప్లగిన్ల చిక్కు వేఱొక తీరుది. పెద్ద హాలులో పాడినట్లు ప్రతిధ్వని నిచ్చునవి, హెచ్చుతగ్గుల గొంతును సమముగా జేయునవి, వాద్యముల ధ్వనుల నిచ్చునవి ఐన చిన్న ప్రోగ్రాములకు ప్లగిన్లని పేరు. స్టైన్‌బర్గ్ వారే 1996లో వీఎస్టీ అను పద్ధతిని ప్రకటించుటచే, ఒకరు చేసిన ప్లగిను మఱియొకరి సాఫ్ట్‌వేరులో పనిచేయుట సాధ్యమైనది. ప్లగిను అతిథి వంటిది. ఆతిథ్యమిచ్చు ప్రోగ్రాము యింటిలోనే, తఱచుగా దాని జ్ఞాపకమునందే, పనిచేయును. అతిథి దీపమును తన్నినచో ఇల్లంతయు కాలునట్లు, ఒక్క ప్లగిను చెడి నడచినచో సాఫ్ట్‌వేరంతయు మూతపడవచ్చును. అప్పుడును నింద యింటివానిపైననే పడుచున్నది.

ప్లగిను కనబడకపోవుటకు కారణములు కొన్నియే. సాఫ్ట్‌వేరు వెదకు ఫోల్డరులో అది లేకపోవచ్చును. మునుపొకసారి పరీక్షలో తప్పినందున సాఫ్ట్‌వేరు దానిని నిషేధపు పట్టికలో వ్రాసికొని యుండవచ్చును. అట్లయిన మరల వెదకుమని ఆజ్ఞాపింపవలెను. 32 బిట్ల ప్లగిను 64 బిట్ల ప్రోగ్రాములో నేరుగా పనిచేయదు. రీపర్ వంటి కొన్నిటిలో మాత్రము నడుమ వంతెన కలదు. ఆపిల్ వారు 2019లో విడుదల చేసిన కాటలీనా మొదలుకొని 32 బిట్ల ప్రోగ్రాములను బొత్తిగా నిలిపివేసిరి. దానిని ఎక్కించినవారి పాత ప్లగిన్లు ఒక్కదినముననే పనికిరానివైనవి. కావున ఒక పాట సగము ముద్రించి యుండగా ఆపరేటింగ్ సిస్టమును మార్చుట వివేకము కాదు. ముందుగా ప్రాజెక్టు ఫోల్డరునకు నకలు తీసి, వేఱొక డిస్కులో దాచుకొనవలెను.

ప్రాజెక్టు తెఱచినంతనే సాఫ్ట్‌వేరు మూతపడుచున్నయెడల, పాట పోయినదని దుఃఖింపవలదు. పాడినది సాధారణముగా వేఱు ఫైళ్లలో భద్రముగా నుండును. రీపర్ మొదలగు వానిలో ప్లగిన్లను నిద్రింపజేసి ప్రాజెక్టును తెఱచు మార్గము కలదు. ఆపైన దోషి యెవరో పట్టుకొనవలెను. 64 ప్లగిన్లున్నవనుకొందము. ఒక్కొక్కదానిని పరీక్షించినచో 63 తడవలు కావచ్చును. సగము తీసి ప్రక్కనుంచి చూడుడు. చిక్కు మిగిలినచో దోషి లోపలి సగములోను, తీరినచో ప్రక్కనుంచిన సగములోను ఉన్నట్లు. దోషి ఒక్కటే యైనచో 32, 16, 8, 4, 2, 1 అను క్రమమున ఆఱు తడవలలో దొరకును. గణితము పరీక్షలకు మాత్రమే యుపయోగించునని తలంచు విద్యార్థులు ఈ సంగతిని గమనింతురు గాక.

దీని నంతటిని రెండు సూత్రములుగా జెప్పవచ్చును. మొదటిది: దగ్గఱిదానితో, సులభమైనదానితో మొదలు పెట్టవలెను. తీగ సరిగా నున్నదా? కండెన్సరు మైకునకు కావలసిన 48 వోల్టుల మీట వేసితిమా? ఇంటర్‌ఫేసును నేరుగా కంప్యూటరునకే తగిలించితిమా, లేక హబ్బునకా? సాఫ్ట్‌వేరులో ఈ ఇంటర్‌ఫేసునే యెన్నుకొంటిమా? మైకు వాడుటకు అనుమతి యున్నదా? వేఱొక ప్రోగ్రాము దానిని పట్టుకొని యున్నదా? ఇవి చూచిన పిదపనే డ్రైవరును తీసి క్రొత్తది ఎక్కింపవలెను. రెండవది: ఒక్క తడవకు ఒక్క మార్పే చేసి, దానిని పుస్తకములో వ్రాసికొనవలెను. ఐదు మార్పులు ఒక్కసారిగా చేసినవానికి చిక్కు తీరినను కారణము తెలియదు. అదే చిక్కు మరల వచ్చినప్పుడు అతడు మొదటనున్న చోటనే యుండును.

ఇచ్చట క్రాక్ చేసిన ప్లగిన్లను గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. వెల చెల్లింపక పరుల శ్రమను గైకొనుట దోషమని వేఱుగా జెప్పనక్కఱలేదు. అది యట్లుండ, ఎవరో తాళము పగులగొట్టి యిచ్చిన ప్రోగ్రామును తన కంప్యూటరులో నెక్కించినవాడు, దానితో వచ్చిన వైరసునకును, ప్రతిదినము కలుగు పతనములకును ఎవరిని అడుగగలడు? దోషమును వెదకుటకు ఆధారమే లేకుండ పోవును. ఉచితముగా నిచ్చు మంచి ప్లగిన్లు అనేకములు కలవు. 2000లో వెలువడిన ఆడాసిటీ మొదటినుండియు ఉచితమే. తొలి పాటలకు ఇవి చాలును.

'ఇదంతయు కాలహరణము, తెలిసినవాని నడిగిన పోవును గదా' యని కొందఱు తల్లిదండ్రు లనవచ్చును. ఈ మాటలో కొంత నిజము లేకపోలేదు. రాత్రియెల్ల డ్రైవరులతో పెనగులాడి ఉదయమున పాఠశాలలో నిద్రించు బాలుని మేము మెచ్చుకొనము. ఒక గంట వెదకినను దొరకనిచో అడుగవలసినదే. కాని అడుగుటకును పద్ధతి కలదు. 'పనిచేయుటలేదు' అన్నచో ఎంతటి నిపుణుడును ఏమి చెప్పగలడు? కంప్యూటరు ఏది, సిస్టము ఏది, ఇంటర్‌ఫేసు ఏది, డ్రైవరు సంఖ్య యెంత, ఏమి చేయగా ఏమి జరిగినది, ఏయే మార్పులు చేసి చూచితిమి అని వ్రాసి చూపినవానికి సగము జవాబు తన ప్రశ్నలోనే దొరకును. వస్తువులు నిజముగా చెడుటయు కలదు. అదే ఇంటర్‌ఫేసును వేఱొక కంప్యూటరునకు, వేఱొక తీగతో తగిలించి చూచినచో ఆ సంగతి చాలవఱకు తేలును. కావున తల్లిదండ్రులకు మా మనవి: క్రొత్త వస్తువు కావలెనని బిడ్డ అడిగినప్పుడు, ఆ నోటు పుస్తకమును చూపుమని అడుగుడు. పుస్తకమున వరుసగా వ్రాసియున్నచో సందేహింపక కొనిపెట్టుడు. లేనిచో ఇంకొక దినము వెదకుమని చెప్పుడు.

విద్యార్థులారా, సాఫ్ట్‌వేరులు మాఱును; నేటి డ్రైవరులు పది సంవత్సరములకు మిగులవు. కాని విచారింపక నిందింపకుండుట, ఒక్కొక్క కారణమును విడదీసి చూచుట, చూచినది వ్రాసి యుంచుట అను నలవాటులు మీరు వైద్యులైనను, రైతులైనను, ఉపాధ్యాయులైనను మీకు తోడుగా నుండును. రేపు మీ చెల్లెలు పాడుచుండగా తాళము తప్పినట్లు వినబడినచో, ఆమెను ఆపుటకు ముందు బఫరు అంకెను చూడుడు. ఆమె సరిగానే పాడుచుండవచ్చును.